అంటువ్యాధులపై మోనోక్లోనల్ ప్రతిరక్షకములు: పరిశోధన చరిత్ర

మోనోక్లోనల్ ప్రతిరక్షకములనగా, ఒకే తెల్లకణముయొక్క సంతతి మాత్రమే స్రవించునట్టియు, ఆ కారణమున నిర్మాణమునందు గాని పట్టుకొను లక్ష్యమునందు గాని పరస్పర భేదము ఇంచుకయు లేనట్టియు ప్రతిరక్షకములు. సూక్ష్మజీవి దేహమున ప్రవేశించినపుడు బి-కణములనబడు తెల్లకణములు అనేక వంశములుగా వృద్ధిపొందును. ఒక్కొక్క వంశము ఆ జీవియొక్క ఒక్కొక్క భాగమును గుర్తించు ప్రతిరక్షకమును పుట్టించును. రోగమునుండి లేచినవాని రక్తరసమునందు ఉండునది ఈ సకల వంశముల మిశ్రమము. ఆ మిశ్రమమునుండి శ్రేష్ఠమైన యొక వంశమును ఎన్నుకొని, ప్రయోగశాలలో పెంచి, రోగనివారణకును చికిత్సకును వినియోగించుట ఈ శాస్త్రశాఖయొక్క ఉద్దేశము. టీకా దేహమునకు ప్రతిరక్షకములను చేసికొనుట నేర్పును గాని, ఆ నేర్పునకు వారములు పట్టును. సిద్ధముగానున్న ప్రతిరక్షకమును ఎక్కించినచో రక్షణ గంటలలోనే ఆరంభమగును గాని, ఆ యణువులు క్షీణించిన కొలదిని రక్షణయు క్షీణించును.

ఈ చరిత్రకు పునాది 1890 లో బెర్లిన్ నగరమున పడినది. రాబర్టు కోఖ్ పరిశోధనాలయమునందు పనిచేయుచుండిన ఎమిల్ ఫాన్ బేరింగును, జపాను దేశీయుడగు కిటసాటో షిబసబురోయు, ధనుర్వాత విషమును తట్టుకొన నేర్చిన జంతువుయొక్క రక్తరసమును వేఱొక జంతువునకు ఎక్కించినచో ఆ రెండవదియు ఆ విషమును తట్టుకొనగలదని నిరూపించిరి. అనతికాలముననే గుఱ్ఱముల రక్తరసము కంఠసర్పి సోకిన బిడ్డలకు ప్రాణరక్షకమయ్యెను. 1901 లో వైద్యశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము బేరింగునకు లభించెను. అయినను గుఱ్ఱపు మాంసకృత్తులు మనుష్యదేహమునకు పరాయివగుటచే, సూదివేసిన కొన్ని దినములకు జ్వరమును, దద్దురులును, కీళ్లనొప్పులును పుట్టుచుండెను. ఈ రుగ్మతను 1905 లో ఫాన్ పిర్కే, షిక్ అను వైద్యులు విపులముగా వర్ణించిరి. న్యుమోనియా విషయమున మఱియొక చిక్కు గలదు: రోగి కఫమును పరీక్షించి సూక్ష్మజీవి ఏ రకమునకు చెందినదో తేల్చినగాని తగిన రక్తరసమును ఎన్నుకొనుటకు వీలు లేకుండెను. కావున సల్ఫా మందులును, తరువాత పెన్సిలినును రాగానే వైద్యులు రక్తరస చికిత్సను విడనాడిరి. న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో ప్రతివిషముల తయారీకై 1906 లో వెలసిన లెడర్లీ సంస్థయే, మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనాధిపత్యమున, 1948 లో ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్కును లోకమునకు అందించుట ఈ మార్పునకు చక్కని నిదర్శనము.

కాలము మఱల అనుకూలించినది 1975 లో. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో సేసర్ మిల్‌స్టైన్ అను అర్జెంటీనా దేశీయుడును, జార్జి కోలర్ అను జర్మను యువకుడును ఒక కఠినమైన సమస్యను చేపట్టిరి. ప్రతిరక్షకమును స్రవించు ప్లీహకణములు గాజుపాత్రలో కొలది దినములకే మరణించును. మైలోమా యను క్యాన్సరు కణములు అంతము లేక పెరుగును గాని, వానివలన కోరిన ప్రతిరక్షకము లభింపదు. గొఱ్ఱె ఎఱ్ఱకణములు ఎక్కించిన చుంచెలుక ప్లీహమునుండి కణములను తీసి, నిర్వీర్యము చేయబడిన సెండాయి వైరసు సాయమున వానిని మైలోమా కణములతో ఏకము చేసి, హైపోజాంథీన్, అమినాప్టెరిన్, థైమిడీన్ అను మూడు ద్రవ్యములు గల పోషకరసమున ఉంచిరి. జతకూడని మైలోమా కణములు అమినాప్టెరిన్ ధాటికి నశించెను. జతకూడని ప్లీహకణములు తమంత తామే నశించెను. ఉభయ లక్షణములు గల సంకరకణములు మాత్రమే నిలిచెను. వానిని గొఱ్ఱె ఎఱ్ఱకణములు పఱచిన పలకలపై పరీక్షింపగా, ప్రతిరక్షకము స్రవించిన చోటులందెల్ల ఎఱ్ఱకణములు కరగి, తేటయైన వలయములు ఏర్పడెను. ఇచట నొక సంగతి చెప్పక తప్పదు: ఆ జల్లెడపనికి ఆయువుపట్టైన అమినాప్టెరిన్, సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీలో రూపొందిన మందే. పిల్లల రక్తక్యాన్సరునకు వాడబడిన ఆ ద్రవ్యము, ఆయన గతించిన పాతికేండ్లకు పైన ఈ విధముగా ఫలించినది. కోలర్, మిల్‌స్టైనులు తమ పద్ధతిపై పేటెంటు పొందలేదు. 1984 లో వారికి నీల్స్ యెర్నె అను శాస్త్రజ్ఞునితోపాటు నోబెల్ బహుమానము లభించెను.

ఎలుక ప్రతిరక్షకము సైతము మనుష్యదేహమునకు పరాయిదే. 1986 లో అమెరికాలో ఆమోదము పొందిన మొదటి మోనోక్లోనల్ మందు మూత్రపిండ మార్పిడికి సంబంధించినది గాని అంటువ్యాధులది కాదు. రక్తమున సూక్ష్మజీవులు వ్యాపించినవారికై 1990 ప్రాంతమున తయారైన ప్రతిరక్షకములు పెద్ద పరీక్షలలో విఫలమగుటచే, ఈ రంగముపై చిరకాలము అపనమ్మకము ఆవరించెను. ఎలుక ప్రతిరక్షకమందలి పట్టుకొను కొనను మాత్రము నిలిపి, తక్కిన భాగమును మానవీయముగా మార్చు విద్యను గ్రెగ్ వింటర్ అను శాస్త్రజ్ఞుడు 1986 లో చూపగా, మందు తిరస్కరింపబడు భయము తగ్గినది. అటుపిమ్మట క్యాన్సరు, కీళ్లవాతముల వైద్యమున ఈ మందులు వెల్లువెత్తెను. అంటువ్యాధులు వెనుకబడుటకు కారణము శాస్త్రము మాత్రమే కాదు. చవకయైన యాంటీబయాటిక్కులుండగా ఖరీదైన ప్రతిరక్షకమును కొనువారు లేరు, ప్రతిరక్షకము నిజముగా కావలసిన రోగులకు కొను శక్తి లేదు.

తొలి విజయము శిశువులది. ఆర్‌ఎస్‌వి యను శ్వాసకోశ వైరసుపై పాలివిజుమాబ్ అను ప్రతిరక్షకమును నెలలు నిండక పుట్టిన శిశువులకును, ఊపిరితిత్తుల వ్యాధిగల శిశువులకును, మొత్తము 1,502 మందిపై పరీక్షింపగా, ఆసుపత్రి పాలగువారు నూటికి 10.6 నుండి 4.8 కు తగ్గిరి. 1998 లో ఆమోదము లభించెను. దీనిని నెలకొకమారు సూదివేయవలసియుండెను. కణమును అంటుకొనుటకు పూర్వము ఆ వైరసు మాంసకృత్తు ఏ యాకృతిలో నుండునో 2013 లో వెల్లడియైన పిమ్మట, ఆ యాకృతినే పట్టుకొనునట్టియు, మూడు చిన్న మార్పులచే రక్తమున దీర్ఘకాలము నిలుచునట్టియు నిర్సెవిమాబ్ వచ్చెను. ఇప్పుడు ఒక్క సూది ఆ వైరసు ప్రబలు ఋతువంతయు చాలును.

ఎబోలా కథ ఇంకను హృదయంగమమైనది. 1995 లో కాంగో దేశపు కిక్విట్ పట్టణమున ఎబోలా ప్రబలినపుడు, వైద్యులు కోలుకొన్నవారి రక్తమును ఎనిమిదిమంది రోగులకు ఎక్కింపగా ఏడుగురు బ్రతికిరి. పోల్చుటకు వేఱొక రోగిసమూహము లేకుండుటచే శాస్త్రజ్ఞులు ఆ ఫలితమును సందేహించిరి. అదే కిక్విట్ ఉపద్రవమునుండి బయటపడిన యొకరి రక్తమును పదకొండేండ్ల తరువాత తీసి, అందింకను సజీవముగానున్న జ్ఞాపకకణములనుండి ఎంఏబీ-114 అను ప్రతిరక్షకమును వేరుచేసిరి. 2018-19 లో, తుపాకులు మ్రోగుచుండిన తూర్పు కాంగోలో, కాంగో శాస్త్రజ్ఞుడగు జాన్-జాక్ ముయెంబే ప్రభృతుల ఆధ్వర్యమున 681 మంది రోగులపై నాలుగు మందులను పోల్చి చూచిరి. అంతకుముందు ఆశలు రేపిన జడ్‌మ్యాప్ అను ప్రతిరక్షక మిశ్రమము పొందినవారిలో నూటికి 49.7 మంది మరణింపగా, ఎంఏబీ-114 పొందినవారిలో 35.1, మూడు ప్రతిరక్షకముల మిశ్రమమగు ఆర్‌ఈజీఎన్-ఈబీ3 పొందినవారిలో 33.5 మంది మరణించిరి. రక్తమున వైరసు పెచ్చుపెరుగకముందే చికిత్స పొందినవారిలో ఈ రెండు మందులవలనను మరణములు పదింట ఒకటికి దిగెను. 2020 లో రెండును ఆమోదము పొందినవి. సంఘర్షణ నడుమ గుడారములలో రోగులను కాచిన ఆ కాంగో వైద్యులు లేకున్న ఈ అంకెలలో ఒక్కటియు లోకమునకు దక్కెడిది కాదు.

భారతదేశమునకు మిక్కిలి దగ్గఱి ఉదాహరణము రేబిస్. పిచ్చికుక్క కఱచి గాయము లోతైనచో, టీకా పనిచేయు లోపల వైరసు నరములలోనికి ప్రాకకుండుటకై, గాయమును సబ్బునీటితో చక్కగా కడిగి, దాని లోపలను చుట్టును ప్రతిరక్షకములను ఎక్కింపవలెను. ఇందుకు గుఱ్ఱపు రక్తరసమైనచో దేహభారము కిలో ఒక్కింటికి 40 యూనిట్లు, మనుష్య రక్తరసమైనచో 20 యూనిట్లు కావలెను. మొదటిది ఒక్కొక్కమారు వికటించును, రెండవది అరుదు, ప్రియము. పూనాలోని సీరం సంస్థ అమెరికాలోని మసాచుసెట్సు పరిశోధకులతో కలిసి తయారుచేసిన ప్రతిరక్షకము 3.33 యూనిట్లతోనే సరిపెట్టెను. 2016 లో మన దేశమున అనుమతి పొందిన ఆ మందు, రేబిస్‌పై లోకమున మొదటి మోనోక్లోనల్ ప్రతిరక్షకము. కొలది యేండ్లకు అహమ్మదాబాదునందలి జైడస్ సంస్థ రెండు ప్రతిరక్షకములు కలిసిన మందును తెచ్చెను. పల్లెలో కుక్క కఱచిన కూలివాని బిడ్డకు ఈ మందు సమయమునకు అందుటకంటె ఈ శాస్త్రమునకు ఘనమైన ప్రయోజనము లేదని ఈ వ్యాసకర్త విశ్వాసము.

కోవిడ్ కాలమున ఈ మందులు ఎంత త్వరితముగా ఉదయించెనో అంత త్వరితముగా అస్తమించెను. 2020 నవంబరులో అమెరికాయందును, 2021 మేలో మన దేశమునందును అనుమతి పొందిన యాంటీబాడీ కాక్‌టెయిల్, ఇచట ఒక రోగికి రూ. 59,750 ధరకు లభించెను. ఒమిక్రాన్ వచ్చుటతో వైరసుపై మేకువలె పొడుచుకొనియుండు మాంసకృత్తు రూపు మాఱి, ప్రతిరక్షకమునకు పట్టు దొరకదాయెను. ఒకే లక్ష్యమును గుఱిచూచుటలో నున్న బలమే ఇచట బలహీనత. హెచ్‌ఐవిపై ప్రయోగింపబడిన వీఆర్‌సీ-01 కథయు ఇట్టిదే: 2021 లో ప్రకటింపబడిన ఫలితములలో, ఆ ప్రతిరక్షకమునకు లొంగు రకములను అది నూటికి 75 పాళ్ల వఱకు అడ్డుకొనెను గాని, లొంగని రకములే హెచ్చగుటచే మొత్తముమీద రక్షణ కలుగలేదు.

మలేరియా పరిశోధకులు ఈ పాఠమును మనసునందిడుకొని, దోమ కుట్టినపుడు చర్మమున దిగి కాలేయమునకు పరుగిడు మలేరియా పరాన్నజీవియొక్క బీజరూపముపైగల, అంతగా మాఱని యొక మాంసకృత్తు భాగమును ఎంచుకొనిరి. మాలి దేశమున పెద్దలపై జరిగిన పరీక్షలో సీఐఎస్-43ఎల్‌ఎస్ అను ప్రతిరక్షకము కిలోకు 40 మిల్లీగ్రాముల మోతాదున, ఆఱు మాసములు సంక్రమణమును నూటికి 88.2 పాళ్లు నివారించెనని 2022 లో ప్రకటించిరి. కాని దానిని నరమునకు ఎక్కింపవలసియుండెను. అంతకంటె శక్తిగల ఎల్9-ఎల్‌ఎస్‌ను 6 మొదలు 10 ఏండ్ల పిల్లలకు చర్మము క్రింద ఒక్కమారు వేయగా, 300 మిల్లీగ్రాములు పొందినవారిలో సంక్రమణము నూటికి 70 పాళ్లును, రోగము 77 పాళ్లును తగ్గెనని 2024 లో వెల్లడియయ్యెను.