పిడుగురాళ్ల: రైలు మార్గాలు

పల్నాడు జిల్లాలో సున్నపురాయికీ సున్నపు బట్టీలకూ పేరుపడ్డ పట్టణం పిడుగురాళ్ల. ఇక్కడి రైల్వే స్టేషన్ గుంటూరు రైల్వే డివిజన్ కిందికి వస్తుంది.

ఒకప్పుడు ఈ ఊరికి దిక్కు గుంటూరు–మాచర్ల మీటర్ గేజ్ బండి. నడికుడి నుంచి కృష్ణా నది దాటి మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా బీబీనగర్ వైపు బ్రాడ్ గేజ్ లైను పడ్డాకే పిడుగురాళ్లకు హైదరాబాద్ దారి తెరుచుకుంది. వికారాబాద్ వెళ్లే పల్నాడు ఎక్స్‌ప్రెస్, తిరుపతి వెళ్లే నారాయణాద్రి, విశాఖ వైపు వెళ్లే జన్మభూమి ఈ దారి బళ్లే. మాచర్ల వెళ్లే లైను నడికుడి దగ్గర చీలుతుంది.

ఈ మార్గానికి పెద్ద లోటు ఒంటి లైను. ఎదురుబండికి దారి ఇవ్వడానికి ఒక బండి స్టేషన్లో ఆగక తప్పదు. ఒకటి ఆలస్యమైతే ఆ జాప్యం మిగతావాటికీ పాకుతుంది. దీనికి భిన్నంగా స్విట్జర్లాండ్ 1982 నుంచి దేశమంతటా గంటగంటకూ ఒకే నిమిషానికి రైలు బయలుదేరేలా టైంటేబుల్ కట్టుకుంది. అక్కడ ఊరు చిన్నదైనా ప్రయాణికుడు తర్వాతి బండిని నమ్ముకోగలడు. పల్నాటి రైతుకూ, విద్యార్థికీ ఆ భరోసా దక్కాల్సిందే!

గుంటూరు–బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను 2011–12లో మంజూరైంది. దాని పొడవు సుమారు 309 కిలోమీటర్లు. అందులో న్యూ పిడుగురాళ్ల–శావల్యాపురం భాగం ముందుగా పూర్తయింది.