టచ్‌స్క్రీన్ కియోస్క్‌కు ఏ సాఫ్ట్‌వేర్?

గుడిలోనో, సంఘం మహాసభలోనో టచ్‌స్క్రీన్ కియోస్క్ పెడదామనుకోగానే మనవాళ్ళు మొదట అడిగేది తెర సైజు. "పక్కన ఎవరూ లేనప్పుడు ఏమవుతుంది?" అన్నది నా ప్రశ్న. ఒకసారి విరాళాల కియోస్క్ ముందు నిలబడితే, నాకంటే ముందొచ్చినాయన ఇంటి చిరునామా, ఫోన్ నంబరు తెర మీద అలాగే ఉన్నాయి. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి నాలుగు విషయాలు చూస్తున్నాను.

మొదటిది తాళం. మన ప్రోగ్రాం తప్ప మరేదీ తెరుచుకోకూడదు. విండోస్‌లో అసైన్డ్ యాక్సెస్ (హోమ్ ఎడిషన్‌లో ఉండదు), ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో లాక్ టాస్క్ మోడ్ ఇందుకే ఉన్నాయి. బ్రౌజరును ఫుల్‌స్క్రీన్‌లో పెడితే సరిపోదు; ఎవరైనా కీబోర్డు తగిలించి ఆల్ట్, ఎఫ్4 నొక్కితే అది మూసుకుపోతుంది.

రెండోది మరుపు. ఒక నిమిషం ఎవరూ ముట్టుకోకపోతే, నింపిన వివరాలన్నీ చెరిపేసి మొదటి పేజీకి రావాలి.

మూడోది కోలుకోవడం. కరెంటు పోయి వచ్చినా, నెట్ తెగి కలిసినా ఎవరి సాయం లేకుండా మళ్ళీ మొదలవ్వాలి.

నాలుగోది ఆయుష్షు. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. వాటిని నమ్ముకుని కట్టినవి మళ్ళీ కట్టుకోవలసిందే. అందుకే తెరలను మామూలు వెబ్ పేజీలుగా రాయించడం నాకిష్టం. కింది యంత్రం మారినా పేజీలు చాలావరకు పనికొస్తాయి.

కొనేముందు ట్రయల్ వెర్షన్ తెచ్చుకోండి. కీబోర్డు తగిలించి చూడండి, ప్లగ్ పీకి చూడండి, ఫారం సగం నింపి పక్కకు తప్పుకోండి. ఈ మూడూ తట్టుకుంటేనే డబ్బు కట్టండి.