బడి బయటి చదువు, కాలేజీ ప్రవేశం: పశ్చిమ ప్రకాశం చరిత్ర

గుర్తింపు పొందిన బడిలో చదవని విద్యార్థిని కాలేజీలో ఏ ప్రమాణంతో చేర్చుకోవాలన్నది విద్యా చరిత్రలో పాత ప్రశ్న. ఇంటి దగ్గర చదువుకున్నవారు, పనిలో పడి బడి మానినవారు, గుర్తింపు లేని ప్రైవేటు బడుల పిల్లలు ఈ ప్రశ్న కిందికి వస్తారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతంలో ఇది ముఖ్యంగా పలకల పనితోను, కరువు వలసలతోను ముడిపడింది.

తొలి కాలం

వీధిబడి అయ్యవారి దగ్గర నేర్చిన చదువుకు సర్టిఫికెట్ ఉండేది కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్ పరీక్ష పైచదువుకు గడప అయింది. తర్వాతి కాలంలో బడి మానినవారికి ‘ప్రైవేటుగా పరీక్ష కట్టడం’ ఒక్కటే దారిగా మిగిలింది. కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు.

పలకల కాలం

దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు మార్కాపురం రాతితో తయారైనవే. రాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక అవుతుంది. ఆ పనుల్లో పిల్లలూ ఉండేవారు. పలక చేసిన చేతికే పలక మీద రాసే అవకాశం లేకపోవడం ఈ ప్రాంత చరిత్రలో బాధాకరమైన అధ్యాయం.

1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం, 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చాయి. ఆ విధానం కింద చేపట్టిన తొలి ప్రాజెక్టుల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పరిశ్రమలతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమకు, జగ్గంపేట పెంకుల పరిశ్రమకు చోటు దక్కింది. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక బడుల్లో చదువు, భోజనం, వృత్తి శిక్షణ, నెలనెలా భృతి ఇచ్చి మామూలు బడికి చేర్చడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఇది మెచ్చదగిన పని. అయితే పదో తరగతి వయసు దాటినవారికి ఆ దారి అందలేదు. 2021లో ఈ పథకాన్ని సమగ్ర శిక్షలో కలిపారు.

సార్వత్రిక విద్య

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి. 1991లో దానికి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఏ సర్టిఫికెట్టూ లేనివారు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేలా ఈ విశ్వవిద్యాలయం అవకాశం ఇచ్చింది. ఎక్కడ చదివావని అడగకుండా ఏం తెలుసని అడిగిన ఆ పద్ధతి సాహసమైనది, న్యాయమైనది. దాని అనుభవం 1985లో ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తోడ్పడింది. దానికీ తొలి ఉపకులపతి రామిరెడ్డే.

పాఠశాల స్థాయిలో 1989లో జాతీయ ఓపెన్ స్కూలు, 1991లో రాష్ట్ర ఓపెన్ స్కూలు సొసైటీ మొదలయ్యాయి. రాష్ట్ర సొసైటీ 2008-09 నుంచి పదో తరగతి, 2010-11 నుంచి ఇంటర్ నడుపుతోంది. 14 ఏళ్లు నిండినవారు పదిలో చేరవచ్చు. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల పిల్లలకు ఈ వెసులుబాటు ఎంతో విలువైనది. ఇంటర్మీడియట్ బోర్డు కూడా కాలేజీకి వెళ్లకుండా పరీక్ష రాసేందుకు హాజరు మినహాయింపు ఇస్తుంది, కానీ అది ఆర్ట్స్ గ్రూపులకే పరిమితం.

చట్టం, కోర్టులు

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం గుర్తింపు లేకుండా బడి నడపడాన్ని నిషేధించింది. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా. అదే చట్టం పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, టి.సి. ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని చెప్పింది. యాజమాన్యం తప్పుకు పిల్లవాడు నష్టపోకూడదన్న నియమం దీని వెనుక ఉంది. అయితే ఈ రక్షణ 14 ఏళ్ల వరకే, ఎనిమిదో తరగతి వరకే.

2018లో ఓపెన్ స్కూలు విద్యార్థులను వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు అనర్హులన్నారు. ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది ఆ నిబంధనను కొట్టివేసింది. గుర్తింపు పొందిన ఓపెన్ బోర్డుల్లో ఇంటర్ చదివినవారు నీట్ రాయవచ్చని 2023లో జాతీయ వైద్య కమిషన్ ఒప్పుకుంది, 2024లో సుప్రీంకోర్టు ఆ సంగతిని నమోదు చేసి వివాదాన్ని ముగించింది. దీంతో ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తిచేసిన మార్కాపురం విద్యార్థికీ వైద్య కళాశాల ప్రవేశ పరీక్ష రాసే హక్కు ఉంది.