ఏకాండమూ అతుకూ: వీణ పలక, పియానో పలక – ఒక పరిశీలన

కృష్ణా డెల్టా దిగువన, బంటుమిల్లి పరిసరాల్లో, వానలు పట్టగానే చెక్క తలుపులు ఉబ్బి గడపకు పట్టుకోవడం అందరికీ అనుభవమే. తేమ తగిలిన కలప నార వెంట దాదాపు పెరగదు. నారకు అడ్డంగా పెరుగుతుంది. తంత్రీవాద్యాలు చేసేవారు ఏ దేశంలోనైనా ఎదుర్కొనే చిక్కు ఇదే. దానికి వారు వెతికిన పరిష్కారాల వెలుగులో మన వీణా నిర్మాణాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పియానోలో తీగల కంపనాన్ని గాలికి అందించేది విశాలమైన పలుచని పలక. సంప్రదాయ పద్ధతిలో స్ప్రూస్ చెక్కలను పక్కపక్కన అతికించి, వెనుకవైపు నారకు అడ్డంగా కొయ్య బద్దలు బిగిస్తారు. నారకు అడ్డంగా పలకకు లేని బిగువును ఆ బద్దలు సమకూరుస్తాయి. పలక మధ్యలోని స్వల్పమైన ఉబ్బును నిలుపుతాయి. 20వ శతాబ్దంలో వ్యాపించిన మరో పద్ధతిలో పలుచని పొరలను నార దిశ మార్చి ఒకదానిపై ఒకటి అతికిస్తారు. ఒక పొర పెరుగుదలను మరొక పొర అడ్డుకుంటుంది కనుక పగుళ్లు అరుదు. పొరల పలకకూ బద్దలు ఉండవచ్చు కాబట్టి ఈ రెండూ పూర్తిగా పరస్పర విరుద్ధాలు కావు. నాదం విషయంలో మాత్రం పలువురు వాదకులు మొదటి పద్ధతికే మొగ్గు చూపుతారు.

మన వీణ విషయంలో శాస్త్రగ్రంథాల దృష్టి వేరు. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధి వీణ మెట్లను, మేళాలను చర్చించింది. తంజావూరు రఘునాథ నాయకుని పేరుతో ముడిపడిన కీర్తి కూడా 24 మెట్ల అమరికదే. 1921లో సి.వి.రామన్ భారతీయ తంత్రీవాద్యాలపై రాసిన వ్యాసం ప్రధానంగా తీగలను మోసే గుర్రపు వంపును వివరించింది. పలక సంగతి ఎక్కువగా వడ్రంగి చేతిలోనే ఉండిపోయింది.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే ఏకాండ వీణకు విశేష గౌరవం ఉంది. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు కూడా వీణలకు పేరుపొందింది. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఏకాండమనే మాట కుండకు, దండికి చెందినది. తొలిచిన కుండను మూసే పలక ఏకాండ వీణలోనూ విడిగా చేసి అమర్చినదే. గుర్రం నిలిచేదీ, కంపించేదీ ఆ పలకే. అంటే అఖండమని మనం గౌరవించే వాద్యంలోనూ నాదం పలికేది అతుకు మీదుగానే.

కాబట్టి అతుకును లోపంగా ఎంచి వీణ స్థాయిని నిర్ణయించడం సరికాదు. అతుకు ఎక్కడ ఉంది, నార ఏ దిశలో ఉంది, కలప ఎంత ఆరింది అన్నవే అడగవలసిన ప్రశ్నలు. వాటికి జవాబులు తాళపత్రాలకన్నా పనివారి పలుకుబడిలో ఎక్కువగా దొరుకుతాయి. ఆ పదజాలాన్ని పనిశాలలోనే సేకరించడం తెలుగు పరిశోధకుల తక్షణ బాధ్యత.