ఒడి ఎవరిది? (మన ఒంటి మీది చరిత్ర – 5)



గత భాగంలో చెప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కడుపుతో ఉన్న ఆడమనిషి కట్టుకునే బట్ట గురించి. ఇది కూడా చరిత్రేనా అని కొందరు తమ్ముళ్లకు అనిపించవచ్చు. మ్యూజియానికి పోతే దొరల తలపాగాలు, రాణుల జరీ బట్టలు అద్దాల పెట్టెల్లో కనిపిస్తాయి. నిండు నెలలతో నాట్లు వేసిన కూలితల్లి చీర కనిపించదు. ఆ చీర ఏమైపోయింది? అక్కడి నుంచే మొదలుపెడదాం.

చీర కుట్టని బట్ట. పొట్ట పెరిగేకొద్దీ కుచ్చిళ్లు రెండు తగ్గించుకుంటే అదే చీర నడుముకు సరిపోతుంది. బొడ్డు దగ్గర దోపుకున్నది పొట్ట కిందికో పైకో జరుగుతుంది. పొలం పనికి గోచి పెట్టి కట్టే తల్లులు నెలలు పెరిగాక గోచిని వదులు చేసుకునేవాళ్లు. బురదలో వంగాలి కాబట్టి పూర్తిగా విప్పే వీలు లేదు. ఇబ్బందంతా కుట్టిన బట్టతోనే. ముందు ముడి వేసుకునే రవికైతే కొంత వదులవుతుంది. చాలామంది తల్లులకు ఆ రవిక కూడా లేదు.

కాన్పు రోజు ఆ చీరే చిరిగి రక్తం తుడిచే గుడ్డ అయ్యేది. మిగిలిన ముక్కలు బిడ్డకు పొత్తిగుడ్డలు. ఇంకో పాత చీర చేను గట్టున చెట్టుకొమ్మకు ఉయ్యాల. అదీ చీకిపోతే బొంతలోకి. పసిబిడ్డ ఒంటికి పాత చీరే మెత్తన అని పెద్దవాళ్లు చెప్తారు. నిజమే. కానీ పెట్టె నిండా చీరలుండి ఒకటి చింపడం వేరు, ఉన్న రెండింటిలో ఒకటి చింపుకోవడం వేరు. కూలితల్లి చీర మ్యూజియం దాకా రాకపోవడానికి కారణం ఇదే. చివరి పోగు దాకా వాడుకున్న బట్ట అది.

ఇప్పుడు ఒడి మాట. తెలంగాణలో ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర పెట్టి, కొంగు పట్టించి, బియ్యం, పసుపుకొమ్ములు, వక్కలు, ఎండుకొబ్బరి వేస్తారు. అదొక ఒడి. పత్తి ఏరేటప్పుడు, మిరపకాయలు తెంపేటప్పుడు కొంగునే మడిచి నడుముకు కట్టుకుంటారు. అదీ ఒడే. ఏడో నెల, ఎనిమిదో నెల తల్లికి లోపల బిడ్డ బరువు, పైన దొర పంట బరువు. రెండూ ఒకే నడుము మీద. మొదటి ఒడి గురించి పాటలున్నాయి, ఫొటోలున్నాయి. రెండో ఒడి కూలి లెక్కలో కలిసిపోయింది.

ఇదంతా పేదరికం వల్లే అనేవాళ్లు ఒకసారి మనుస్మృతి పదో అధ్యాయం చూడాలి. 52వ శ్లోకం చండాలుల బట్టలు ఏమిటో చెప్తుంది: శవాల మీది గుడ్డలు. తినడానికి పగిలిన కుండలు, నగలుగా ఇనుము. కడుపుతో ఉన్నవాళ్లకు మినహాయింపు లేదు. అదే అధ్యాయం 126వ శ్లోకం శూద్రులకు సంస్కారాలు పొందే అర్హత లేదంటుంది. సీమంతం అలాంటి సంస్కారాల్లో ఒకటి. సీమంతం అంటే పాపిట. గృహ్యసూత్రాల ప్రకారం భర్త గర్భిణికి మేడిపళ్ల గుత్తితో, ముళ్లపంది ముల్లుతో పాపిట తీస్తాడు. ఈరోజు మన అమ్మాయిలు పట్టుచీర కట్టుకుని, గాజులు తొడుక్కుని మురిపెంగా చేసుకుంటే నేను తప్పు పట్టను. ఆ పట్టుచీర ఒకప్పుడు ఎవరికి కాదన్నారో తెలిసి కట్టుకోమంటాను.

కులం అన్ని ఆడ ఒళ్లనూ ఒకేలా చూడలేదు. అగ్రకుల వితంతువు కడుపుతో ఉంటే ఆ ఒంటిని బట్టల కింద, గది లోపల దాచేవాళ్లు. దాచలేని రోజు వచ్చాక బావే గతి, లేదా పుట్టిన బిడ్డ ప్రాణం పోవడం. వాళ్ల కోసం 1863లో పూణేలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఒక పురుడు ఇల్లు తెరిచారు. బ్రాహ్మణ వితంతువు గర్భానికి చోటిచ్చింది శూద్ర దంపతుల ఇల్లు. అలా పుట్టిన ఒక బిడ్డనే వాళ్లు దత్తత తీసుకుని యశ్వంత్ అని పెంచుకున్నారు. మన తల్లులది దీనికి తలకిందుల కథ. వాళ్లకు దాచుకునే గదీ లేదు, కప్పుకునే హక్కూ లేదు.

హక్కు లేదనడం ఊరికే అన్న మాట కాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము మీద బట్ట కోసం దశాబ్దాలు కొట్లాడారు. 1859 జూలై 26న వచ్చిన రాజు ప్రకటన కప్పుకోవచ్చంది కానీ అగ్రకుల స్త్రీలలా కాదు అంది. అదే కేరళలో 1915లో పెరినాడ్ దగ్గర పులయ స్త్రీలు కులానికి గుర్తుగా మెడలో వేలాడే రాతిపూసల దండలు తెంచి పారేశారు. మహారాష్ట్రలో మహర్ స్త్రీలు చీర అంచు బయటికి కనబడకుండా కట్టుకోవాల్సి వచ్చేదని బేబీ కాంబ్లే తన ఆత్మకథలో రాసింది. అంచు కనబడడం కూడా పై కులాల సొత్తే. పురిటాలి ఆకలి గురించి రాసిందీ ఆ పుస్తకంలోనే.

మన ఊళ్లలో ఇంకో మెలిక ఉంది. చాలాచోట్ల మంత్రసాని మాదిగ తల్లో, మాల తల్లో. పై కులాల ఇంట్లో బిడ్డను మొదట పట్టుకున్న చేతులు ఆమెవి. పురుడు తీరాక ఆ చేతులే అంటరానివి. ఆ ఇంటి మైలబట్టలు ఉతకడానికి చాకలి తల్లి వచ్చేది. చాలా ఊళ్లలో ఆమెను మాల, మాదిగ వాడలకు రానిచ్చేవాళ్లు కాదు. కాబట్టి మన పురిటాలి బట్టలు మన వాళ్లే, నీళ్లు దొరికినచోట ఉతుక్కున్నారు. నేరం చాకలి తల్లిది కాదు. ఆమెను ఒక గడప దగ్గర నిలబెట్టి, ఇంకో గడపకు పోవద్దన్న కట్టుబాటుది.

ఇప్పుడు రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకోండి. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. ఆ సమావేశాల్లోనే బాబాసాహెబ్ స్త్రీలతో విడిగా మాట్లాడారు. మీ చీరకట్టు, మీ ఒంటి మీది బరువు నగలు చూసి మిమ్మల్ని అంటరానివాళ్లని గుర్తుపడుతున్నారు, ఆ గుర్తులు తీసేయండి అన్నది ఆయన మాటల సారం. 1928 జూలై 28న బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలనీ, ఆ ఖర్చు ఆమె నెత్తిన పడకూడదనీ వాదించారు. మధ్యలో ఏడు నెలలు.

మనవాళ్లు మొదటి ప్రసంగాన్ని ఆత్మగౌరవం కింద, రెండోదాన్ని కార్మిక చట్టం కింద విడదీసి చదువుతారు. నేను రెండూ ఒకటే అంటాను. ఈ ఒంటి మీద ఏ బట్ట ఉండాలో కులం చెప్పకూడదు. ఈ ఒళ్లు ఏ రోజు దాకా వంగి పనిచేయాలో యజమాని చెప్పకూడదు. విశ్రాంతి లేని గర్భిణికి మంచి చీర ఇచ్చినా అది చెమటకు తడిసే చీరే అవుతుంది.

1929లో బొంబాయి చట్టం వచ్చింది. వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు బాబాసాహెబ్ గని కార్మిక స్త్రీల ప్రసూతి చట్టానికి సవరణలు తెచ్చారు. 1961 చట్టం 12 వారాల జీతంతో సెలవు ఇచ్చింది. 2017 సవరణ దాన్ని 26 వారాలకు పెంచింది. మంచిదే. మరి పత్తి చేనులో రోజుకో రైతు దగ్గర కూలి చేసే తల్లికి ఆ 26 వారాల జీతం ఎవరిస్తారు? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి కనీసం 6000 రూపాయలు అంది. 2017 నాటి కేంద్ర పథకం దాన్ని మొదటి కాన్పుకు 5000కు కుదించింది. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6000 అని చేర్చారు. మగబిడ్డ పుట్టిన తల్లి ఒళ్లు అలసిపోదా?

బట్ట మీద పెత్తనం కూడా పోలేదు. మన కాలపు కుట్టిన బట్టల్లో గర్భిణికి నిజంగా నప్పింది నైటీ. చవక, వదులు, ఉతకడం తేలిక, బిడ్డకు పాలివ్వడానికి వీలు. 2018లో పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఊరి పెద్దలు పగటిపూట ఆడవాళ్లు నైటీ వేసుకుంటే 2000 రూపాయల జరిమానా అన్నారు. అది దళిత, అగ్రకుల గొడవ కాదు, ఊళ్లోని సొంత కులపెద్దల తీర్పే. మన వాడల్లోనూ ఆ పెద్దరికం లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా?

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మనో అమ్మమ్మనో అడగండి: నేను కడుపులో ఉన్నప్పుడు నీకెన్ని చీరలుండేవి? ఏ నెల దాకా పనికి పోయావు? నా పొత్తిగుడ్డలు ఏ చీరవి? చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకోండి. కూలితల్లికి ప్రసూతి జీతం అడిగే రోజు కలెక్టరాఫీసు ముందు మనం చదవాల్సిన కాగితాలు అవే.

వచ్చే భాగంలో రవిక గురించి.