లోహమూర్తికి ముందు మైనపు మూర్తి: మధూచ్ఛిష్ట విధానం



అంతఃకరణం విషయాకారాన్ని పొందే విధానాన్ని వివరిస్తూ శంకర భగవత్పాదులు ఉపదేశసాహస్రిలో ఒక దృష్టాంతం సెలవిచ్చారు. కరిగిన రాగిని మూషలో పోస్తే రాగి ఆ మూష ఆకారాన్నే పొందుతుంది. చిత్తం కూడా తాను వ్యాపించిన రూపాదుల ఆకారంతోనే కనబడుతుంది. విద్యారణ్యస్వామివారు పంచదశిలోని ద్వైతవివేక ప్రకరణంలో ఈ శ్లోకాన్నే స్వీకరించారు. మన తెలుగు ‘మూస’ ఆ మూషా శబ్దానికి తద్భవమే. పాఠం చెప్పుకునేటప్పుడు ఈ దృష్టాంతాన్ని మనం త్వరత్వరగా దాటిపోతాం. రాగికి ఆకారం మూష ఇచ్చింది, సరే. మూషకు ఆ ఆకారం ఎవరిచ్చారు? ఈ ప్రశ్నకు సమాధానం పోతపనివారి వద్ద ఉన్నది. దాని పేరు మధూచ్ఛిష్టం.

మధు ఉచ్ఛిష్టం, అనగా తేనె తీయగా మిగిలినది, తేనెమైనం. దానికే సిక్థకం అని నామాంతరం. లోహంతో ప్రతిమ చేయదలచినచో ముందు దానిని మైనంతో చేయవలెనని విష్ణుసంహిత విధిస్తున్నది. మానసారంలో అరువది ఎనిమిదవ అధ్యాయానికి మధూచ్ఛిష్ట విధానమనే పేరు. అయితే ఈ విద్య గ్రంథాలకంటె ఎంతో ప్రాచీనం. మొహెంజొదారోలో 1926లో లభించిన నర్తకి ప్రతిమ ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లు మాత్రమే. నాలుగు వేల సంవత్సరాలకు పైబడిన ఆ చిన్న బొమ్మ మైనపు పద్ధతిలో పోసినదే. తెలుగునేలపై బుద్ధపాడులో బయల్పడిన లోహ బుద్ధమూర్తులు నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

పోత విధానాన్ని మనకు అత్యంత స్పష్టంగా అందించిన గ్రంథం మానసోల్లాసం. దీనికే అభిలషితార్థ చింతామణి అని మరొక పేరు. పన్నెండవ శతాబ్దిలో కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు దీనిని రచించాడు. రాజ్యపాలన, పాకశాస్త్రం, సంగీతం చెప్పిన లేఖినితోనే ఒక చక్రవర్తి మట్టి ఎలా కలపాలో కూడా చెప్పడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది.

ఆయన చెప్పిన క్రమం ఇది. ముందుగా శాస్త్రోక్త తాళమానంతో మైనపు ప్రతిమను సిద్ధం చేయాలి. దాని వీపున, భుజాల వద్ద, కంఠ ప్రదేశంలో ఉమ్మెత్త పువ్వు ఆకారం గల మైనపు నాళాలను అమర్చాలి. పువ్వు మొదట సన్నం, చివర విశాలం. లోహం పోయడానికి గరాటు దానంతటదే ఏర్పడుతుంది. తరువాత మట్టి. మాడ్చిన ఊక మసి, నూరుసార్లు తరిగిన సన్నని ప్రత్తి, కొద్దిగా ఉప్పు చేర్చి నున్నని రాతిపై నూరిన మట్టి అది. మొదటి పూత అతి పలుచగా పూసి నీడన ఆరబెట్టాలి. రెండు దినాల తరువాత రెండవ పూత, అదీ ఆరిన పిదప దట్టమైన మూడవ పూత.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఊక, ప్రత్తి ఎందుకు? అవి కాలిపోయిన చోట సూక్ష్మ రంధ్రాలు ఏర్పడి లోపలి వాయువు వెలువడటానికి దారి దొరుకుతుంది. నీడన ఎందుకు? ఎండలో మైనం మెత్తబడి రూపం చెడుతుంది, మట్టి బీటలు వారుతుంది. మొదటి పూత అంత పలుచన ఎందుకు? కనురెప్ప గీత, యజ్ఞోపవీతపు పోగు వంటి ప్రతి సూక్ష్మరేఖను మైనం నుండి గ్రహించేది ఆ పూతే. మిగిలిన రెండు పూతలు దానికి బలం మాత్రమే ఇస్తాయి.

మైనాన్ని ముందే తూచి ఉంచుకోవాలని కూడా చక్రవర్తి చెప్పాడు. వెండి అయితే మైనానికి పన్నెండు రెట్లు, బంగారమైతే పదహారు రెట్లు కావాలి. నేటి లెక్క ప్రకారం వెండి మైనంకంటె సుమారు పదకొండు రెట్లు బరువైనది. కరిగించేటప్పుడు కొంత అధికంగా ఉంచుకోవడం వివేకం. పోత మధ్యలో లోహం చాలకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. అప్పటికే మైనం కరిగిపోయింది, మట్టిని పగులగొట్టక తప్పదు. శిల్పి నెలల తరబడి చేసిన పని ఏ రూపంలోనూ మిగలదు. మరల మొదటి మైనపు ముద్ద నుండి ఆరంభించవలసిందే.

ఈ సంప్రదాయం నేటికీ అవిచ్ఛిన్నంగా సాగుతున్న క్షేత్రం కుంభకోణం సమీపంలోని స్వామిమలై. అక్కడి స్థపతులు తేనెమైనంలో గుగ్గిలం, వేరుసెనగ నూనె కలిపి కాస్తారు. గుగ్గిలం గట్టిదనాన్ని, నూనె సాగే గుణాన్ని ఇస్తాయి. కొబ్బరి ఆకు చీలికను మూర్తి ఎత్తుకు సమంగా కత్తిరించి, మడతలు పెట్టి, ఆ మడతలనే తాళమానపు కొలతలుగా వాడుకుంటారు. శిరస్సు, బాహువులు, పాదాలు, పీఠం విడివిడిగా మలచి, కాల్చిన ఇనుప పనిముట్టుతో అతుకుతారు. మైనం మెత్తబడితే చన్నీళ్లలో ఉంచుతారు. కావేరి తీరపు ఒండ్రుమట్టి పూసి, ఆరినాక పిడకల మంటపై వేడి చేయగా మైనం కరిగి కారిపోతుంది. మూస వేడిగా ఉండగానే లోహాన్ని పోస్తారు. చల్లని మూసలో లోహం వ్రేళ్ల కొసలకు చేరకముందే గడ్డకడుతుంది.

దక్షిణదేశపు ఉత్సవమూర్తులలో అధికం ఘనమూర్తులు, లోపల కూడా లోహమే. వాహనం మోసే భుజాలకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సుషిరమూర్తికి లోపల మట్టి గర్భం ఉంచి దానిపై మైనం పొదుగుతారు. తెలంగాణలో ఆదిలాబాదు ప్రాంతపు ఓజా కళాకారుల డోక్రా పని ఈ రెండవ తరగతిదే. మట్టి గర్భంపై మైనపు దారాలు చుడతారు. ఆ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒక మాట అర్చకుడిగా చెప్పాలి. అభిషేకానంతరం వస్త్రంతో తుడిచేటప్పుడు మూర్తి వీపును చూసేది మేమే. ప్రాచీన మూర్తులలో జడ చివరి కుప్పెలు, కటిసూత్రపు ముడి ముఖమంత శ్రద్ధతో చెక్కి ఉంటాయి. భక్తులెవ్వరూ చూడని ఆ చోట మైనంపై శిల్పి గోరు ఎంతసేపు నిలిచిందో తెలుస్తుంది. ఈ రోజులలో రబ్బరు మూసలో మైనాన్ని పోసి, ఒకే రూపాన్ని పదులకొద్దీ తీసి అమ్మే పద్ధతి వచ్చింది. శాస్త్రం దీనిని పేరుపెట్టి నిషేధించిందని నేను అనను. కానీ ఆ క్షేత్రపు ధ్యానశ్లోకాన్ని మననం చేసుకుంటూ మలచిన మైనానికి, అంగడి మూస నుండి ఊడివచ్చిన మైనానికి భేదం లేదని కూడా అనలేను. ఉత్సవమూర్తి చేయించే ధర్మకర్తలు లోహపు బరువు, ధర మాత్రమే అడిగి రావడం తగదు. మైనం సిద్ధమైన దినాన వెళ్లి ఆయుధాలు, ముద్రలు, తాళమానం పరిశీలించాలి. దిద్దుబాటుకు అదే సమయం. లోహంలో ఉలి నగిషీని తేర్చగలదు గాని, పొట్టిగా వచ్చిన చేతిని పొడిగించలేదు.

ఇదే విద్య పాశ్చాత్య దేశాలలో విచిత్రమైన మార్గాన యంత్రశాలకు చేరింది. చికాగోలో దంతవైద్యుడైన విలియం టాగర్ట్ 1907లో పంటి గుంటకు సరిగా అమరే బంగారు పూరణాన్ని మైనపు పద్ధతిలో పోసే విధానాన్ని లోకానికి చూపాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ పద్ధతే విమాన యంత్రాల టర్బో సూపర్‌చార్జర్ రెక్కలకు ఉపయోగపడింది. నేడు హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలకూ మూలం ఈ పోతవిధానమే. హెలికాప్టర్ యంత్రాల కోసం 2021లో అటువంటి 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేశారు. అక్కడ మైనాన్ని లోహపు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తారు. గాలి ప్రసరించే సన్నని దారుల కోసం లోపల సిరామిక్ గర్భం ఉంచుతారు. మన సుషిర విధానపు మట్టి గర్భం వంటిదే. మట్టికి బదులు సిరామిక్ ద్రవంలో పలుమార్లు ముంచుతారు, అక్కడా మొదటి పూతే అన్నింటికంటె సూక్ష్మమైనది. మైనం వేడికి పెంకు కంటె ఎక్కువగా వ్యాకోచించి పెంకును చీల్చగలదు కనుక, పీడనం గల ఆవిరితో పైపొరను క్షణాలలో కరిగిస్తారు.

ఇక మొదటి దృష్టాంతానికి వద్దాం. రాగి దృష్టాంతం చెప్పిన వెంటనే ఆచార్యులవారు మరొకటి చెప్పారు: వెలుగు తాను ప్రకాశింపజేసే వస్తువు ఆకారాన్ని పొందినట్లు. ఒకటి చాలకపోయిందా అని విద్యార్థులు అడుగుతారు. నాకు తోచిన సమాధానం పోతపనిలోనే ఉన్నది. మూసలో చల్లారిన రాగి మరల నిప్పులో కరిగేవరకు ఆ ఆకారాన్ని విడువదు. ఘటాన్ని చూసిన చిత్తం మరుక్షణంలో పటాకారం కావలసి ఉన్నది. గడ్డకట్టిన రాగికి అది సాధ్యం కాదు, గోడపై నుండి గుడ్డపైకి జరిగే వెలుగుకు సాధ్యం.