రైళ్లు ఆగాకే రికార్డింగు

చివరి రైలు వెళ్లిపోయిందని రూఢి చేసుకున్నాకే ఇంపీరియల్ స్టూడియోలో పని జోరందుకునేది. బొంబాయి గ్రాంట్ రోడ్ దగ్గర కెనెడీ బ్రిడ్జి, పక్కనే పట్టాలు. శబ్దాన్ని ఆపే గోడలు లేవు. ‘ఆలం ఆరా’ తీస్తున్న రోజులవి. 1931 మార్చి 14న మెజెస్టిక్ థియేటర్లో విడుదలై అది దేశపు తొలి టాకీ అయింది.

టానార్ యంత్రం బొమ్మనూ శబ్దాన్నీ ఒకే ఫిల్ముమీద ఒకేసారి ఎక్కించేది. మాట తడబడితే బొమ్మ కూడా పోయినట్టే. యంత్రాన్ని నిలబెట్టిన అమెరికన్ నిపుణుడు విల్‌ఫోర్డ్ డెమింగ్ రోజుకు 100 రూపాయలు తీసుకునేవాడు. అది భరించలేక చిత్ర దర్శకుడు అర్దెషిర్ ఇరానీ, ఆయన సహచరుడు రుస్తుం భరూచా అతని దగ్గరే పని నేర్చుకుని తామే రికార్డింగుకు కూర్చున్నారు. పైనుంచి వేలాడే మైకు లేదు. కెమెరా కంట పడని చోటల్లా మైకులు దాచారు. ఫకీరు వేషంలో డబ్ల్యూ.ఎం. ఖాన్ పాడుతుంటే హార్మోనియం, తబలా అక్కడే, ఫ్రేము బయట. ఏ వాద్యం ఎంత వినపడాలో మైకుకూ దానికీ మధ్య ఉన్న దూరమే తేల్చాలి. ఆ దూరాన్ని కొలవడానికి చెవి తప్ప మరో కొలబద్ద లేదు. నాకు ఈ గాథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

ఆ స్టూడియో నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే నాగ్‌పాడా, కామాటిపురా. నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన తెలుగు కామాటీల పేరే కామాటిపురాకు నిలిచింది. ఇవాళ అక్కడి చాల్‌లో ఓ కుర్రాడు భజన రికార్డు చేయాలంటే, రెండు మైకులను రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్‌కూ, దాన్ని ల్యాప్‌టాప్‌కూ తగిలిస్తే చాలు. సాఫ్ట్‌వేర్‌లో ల్యాప్‌టాప్ మైకును వదిలి ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోవాలి. గొంతుకో ట్రాకు, హార్మోనియానికో ట్రాకు. గట్టిగా పాడేచోట మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ తిప్పుకోవాలి. హెడ్‌ఫోన్‌లో తన గొంతు ఆలస్యంగా వినిపిస్తే బఫర్ తగ్గించాలి. తప్పిన చరణం ఒక్కటే మళ్లీ పాడుకోవచ్చు. కానీ కుళాయి దగ్గర బిందెల చప్పుడు రెండు ట్రాకుల్లోనూ పడుతుంది. అందుకు ఇరానీ పద్ధతే మేలు, సద్దుమణిగే వేళ చూసుకోవడం.

ఇరానీ దగ్గరే పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి ‘ఆలం ఆరా’ తర్వాత తెలుగు టాకీకి పూనుకున్నారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ‘భక్త ప్రహ్లాద’ను తీసుకుని, నటులను బొంబాయికి రప్పించారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి. పాటలు చందాల కేశవదాసు. మైకు లేకుండానే చివరి వరుసదాకా గొంతు పంపే రంగస్థలం వాళ్లది. ఇక్కడ ఎక్కడో దాగిన మైకుకు ఆ గర్జన అందాలి, పగిలిపోకూడదు. పద్యం మధ్యలో ఊపిరి తప్పితే ఎవరూ అతికించి ఇవ్వలేరు. అందుకే ఆ కళాకారులను సాంకేతిక నిపుణుల పక్కనే నిలబెట్టి తలుచుకోవాలంటాను.

చిత్రం 1932 జనవరి 22న బొంబాయిలోనే సెన్సారయింది. ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా థియేటర్లో విడుదలైంది. తెలుగునాట ఊళ్లకు చేరింది ఆ తర్వాతే.